ఇంట్లో కారు బ్రేకుల పనికి సామాన్లు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

కారు బ్రేకుల పని ఇంట్లోనే చేసుకుందామని సామాన్లు కొనబోతున్నవాళ్లకు ముందే తేల్చి చెప్తాను, వివరాలు తర్వాత. డబ్బు గట్టిగా పెట్టాల్సింది రెండింటి మీదే. కారును పైకి లేపాక కదలకుండా మోసే స్టాండ్లు ఒకటి, నట్లను కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ ఇంకొకటి. మిగతా పనంతా మామూలు పానాలు, వైర్ బ్రష్, సీ క్లాంప్, మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి, ఒక చిన్న ట్యూబు సిలికాన్ గ్రీజుతో అయిపోతుంది. బ్రేక్ సర్వీస్ కిట్ అని పెట్టె నిండా మెరిసే సామాన్లు సర్ది అమ్ముతుంటారే, వాటిలో సగానికి పైగా మన చిన్న కార్లకు పనికిరావు. కొన్న కొన్నాళ్లకే ఆ పెట్టె అటకెక్కుతుంది.

నాది పెట్రోల్ స్విఫ్ట్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వ్యాగనార్, ఆల్టో, టియాగో, ఐ10 లాంటి కార్లలో ఎక్కువ వాటికి ఇదే పద్ధతి కాబట్టి ఇక్కడ రాసేది చాలామందికి పనికొస్తుంది. నేనుండేది కడపలో, చుట్టాలు ఎక్కువమంది రాయచోటి వైపు, అంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగడం మాకు మామూలే. ఆ దారి తెలిసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. కడప వైపు దిగే లోడు లారీల వెనకాల పడితే లైనర్లు కాలిన వాసన అద్దాలు మూసుకున్నా లోపలికొస్తుంది. మలుపులో పెడల్ మీద కాలు పెడితే అది ఎంత లోతు దిగుతుందో, ఎక్కడ పట్టుకుంటుందో మనకు కచ్చితంగా తెలిసుండాలి. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఆ ఘాట్ దిగే మనిషికి బ్రేకుల మీద ఈ మాత్రం పట్టింపు ఉండాలనే నేను అనుకుంటాను.

మెకానిక్‌లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. షెడ్డు ముందర బండ్లు వరసగా ఆగి ఉంటే పాత ప్యాడ్లు (డిస్కును ఒరుసుకుని కారును ఆపే పలకలు) తీసి కొత్తవి వేసి పంపిస్తారు, క్యాలిపర్ (ఆ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు బయటికి లాగి తుడిచి మళ్లీ గ్రీజు పూసేంత తీరిక వాళ్లకు ఉండదు. ఆదివారం పొద్దున మనకు ఉంటుంది. కూలి డబ్బులు మిగలడం సంగతి ఎలా ఉన్నా, ఈ తీరిక వల్లే ఇంట్లో చేసిన పని మేలుగా వస్తుంది.

మొదట స్టాండ్ల గురించి, ఎందుకంటే ఇక్కడ తేడా వస్తే పోయేది ప్రాణమే. డిక్కీలో కారుతో పాటు వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని మీద కారు నిలబెట్టి, చక్రం ఊడదీసి, బిగుసుకున్న బోల్టును బలంగా గుంజితే అది పక్కకు ఒరుగుతుంది. రెండు టన్నుల హైడ్రాలిక్ ట్రాలీ జాకీ దానికంటే ఎంతో మేలు, లేపడం సుఖం, నడుము నొప్పి ఉండదు, నాకైతే అది కొన్నందుకు చాలా సంతోషంగా ఉంది. కానీ దాని లోపల బరువు మోసేది కూడా ఆయిలు, రబ్బరు సీళ్లే. నెమ్మదిగానో ఒక్కసారిగానో దిగిపోవచ్చు. కాబట్టి ఎంత ఖరీదైన జాకీ అయినా సరే లేపడానికే వాడండి, బరువు మోసే పని స్టాండ్లకే వదిలేయండి. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ పేర్చి వాటి మీద కారు దించేవాళ్లను మా వీధిలోనే చూశాను. అవి ముందుగా చిట్లి హెచ్చరించవు, ఉన్నట్టుండి పొడైపోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

స్టాండ్లు ఆన్‌లైన్‌లో ఒక చవక జత తెప్పించి చూశాను, వెల్డింగ్ పూసలు పూసలుగా ఉంది, నేల మీద పెడితే నాలుగు కాళ్లు సమంగా ఆనలేదు, అదే రోజు తిప్పి పంపేశాను. తర్వాత కొన్నది రంధ్రంలో గట్టి పిన్ను దూర్చే రకం. పళ్లూ మీటా ఉండే రకం కూడా మంచిదే, ఎత్తు మార్చడం దాంట్లోనే తేలిక, కాకపోతే మీట పన్నులో పూర్తిగా కూర్చుందో లేదో ప్రతిసారీ వంగి చూసుకోవాలి. పిన్ను రకంలో ఆ అనుమానమే ఉండదు, అందుకే నాకు అదే నచ్చింది. కొనేటప్పుడు ఇంకోటి చూడండి. పెట్టె మీద రాసిన టన్నులు ఒక్కో స్టాండుకా, జతకా? కొన్ని కంపెనీలు జత మొత్తానికి కలిపి రాస్తాయి. మన కార్లు టన్నుకు కాస్త అటూఇటూ, అందులో ఒక పక్కనే లేపుతాం కాబట్టి రెండు టన్నుల జత ధారాళంగా సరిపోతుంది.

మన ఊళ్లో మాత్రం ఇంకో చిక్కుంది. పోర్టికోల్లో పరిచి ఉండేవి కడప బండలు. కింద ఇసుక సరిగా కూరని చోట బండ డొల్లగా ఉంటుంది, దాని మీద స్టాండు కాలు సన్నగా ఆనితే బండ పగులుతుంది, స్టాండు ఒరుగుతుంది. పని మొదలుపెట్టే ముందు సుత్తి పిడితో బండను కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే ఆ చోటు వదిలేయండి. గట్టిగా ఉన్నా సరే, నేను స్టాండు కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేస్తాను, బరువు నాలుగు వైపులా పంచుకుంటుంది, నున్నటి బండ మీద స్టాండు జారదు కూడా. తారు రోడ్డు మీద ఎండాకాలం అసలు వద్దు. మే నెలలో మన తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి.

ముందు చక్రాల పని అయితే హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి. వెనక డ్రమ్ములు తీయాలంటే హ్యాండ్ బ్రేక్ దించాలి కదా, అప్పుడు గేర్లో వేసి ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టాలి. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కిందికి తోసి పెట్టడం మంచి అలవాటు, ఏదైనా జరిగితే కారు దాని మీద పడుతుంది, మన మీద పడదు. స్టాండ్ల మీద దించాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఊగితే మళ్లీ సర్దండి.

ఇక టార్క్ రెంచ్. ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో అడిగితే, "లారీ షెడ్లవాళ్లు అడిగితే పెద్దది తెప్పిస్తామన్నా, కారుకు ఎవరూ అడగరు" అన్నారు. నిజమే, ఎవరూ అడగరు, ఎందుకంటే పంచర్ షాపుల్లో గాలి గన్నుతో బిగించి పంపడమే మనకు అలవాటు. ఆ గన్నుతో బిగించిన నట్లు స్టెప్నీ మార్చాల్సి వచ్చినప్పుడు రోడ్డు మీద ఎల్ పానాకు లొంగవు, మనిషి పానా మీద ఎక్కి నిలబడాల్సి వస్తుంది. అంతకంటే పెద్ద సమస్య నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగియడం. దాంతో డిస్కు హబ్బు మీద సమంగా కూర్చోదు, తిరిగేటప్పుడు కొద్దిగా ఊగుతుంది, పోనుపోను ఒక చోట ఎక్కువ అరిగి మందం మారిపోతుంది. ఆపైన వేగంలో బ్రేకు వేస్తే పెడల్ కాలి కింద అదురుతుంది, స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంగిపోయిందని కొత్తది వేయిస్తారు, మళ్లీ అదే గన్నుతో బిగిస్తారు.

నేను చివరికి ఆన్‌లైన్‌లోనే అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే కొన) ఉన్న, పెట్టిన బిగువు రాగానే క్లిక్ అనే రకం తెప్పించుకున్నాను, సుమారు 3,000 రూపాయలైంది. చిన్న కార్లలో చక్రం నట్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు లెక్క మీ మాన్యువల్‌లో చూసి అదే పెట్టుకోండి, పక్కింటివాళ్ల కారు లెక్క వద్దు. ఈ రకం రెంచీల్లో ఖచ్చితత్వం 4 శాతం అటూఇటూ అని రాసి ఉంటుంది, ఇంటి పనికి అది చాలు. దాని కొలత పరిధిలో మొదటి 20 శాతాన్ని నమ్మకూడదు, అందుకే 210 దాకా పోయే పెద్ద రెంచితో క్యాలిపర్ పిన్ను బోల్టు లాంటి చిన్నవి బిగించడం సరికాదు. వాటికి చిన్న డ్రైవ్ రెంచ్ వేరే ఉండాలి. రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు పెద్దదే కొనండి. రెంచితో నట్లు ఊడదీయకండి, అది బిగించడానికే. ఊడదీయడానికి పొడుగు హ్యాండిలు, మీ కారు నట్లకు సరిపోయే లోతు సాకెట్ వేరే పెట్టుకోండి, నా స్విఫ్ట్‌కు 19 సైజు. పని అయ్యాక రెంచిని కింది అంకెకు తిప్పి పెట్టెలో పడుకోబెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు బిగిసే ఉండి లెక్క తప్పుతుంది. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు దఫాలుగా బిగించాలి. క్లిక్ అని వినపడ్డాక ఇంకోసారి లాగే అలవాటు చాలామందికి ఉంది, అది మానేయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, క్యాలిపర్ పిన్నులు. మన కార్లలో ముందు క్యాలిపర్‌కు ఒక్కటే పిస్టన్. అది లోపలి ప్యాడ్‌ను నెడుతుంది, ఆ నెట్టుడుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిన్ను ఎండిపోయినా తుప్పు పట్టినా క్యాలిపర్ జరగదు. అప్పుడు లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయి, బయటిది సగం కూడా అరగకుండా ఉంటుంది. చక్రం సందులోంచి తొంగిచూస్తే మనకు కనిపించేది బయటి ప్యాడే, ఇంకా బోలెడు ఉందిలే అనుకుంటాం. లోపలిది చూడాలంటే చక్రం తీయాల్సిందే. కారు ఒక పక్కకు లాగుతున్నా, కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ కొడుతున్నా నేను ముందు అనుమానించేది ఈ పిన్నులనే. ప్యాడ్లు మార్చాలన్న ఆలోచన ఆ తర్వాతే.

దీనికి కావలసిన సామాను చాలా తక్కువ. కింది బోల్టు తీస్తే క్యాలిపర్ పైకి తిరుగుతుంది, లేదా రెండు బోల్టులూ తీసి క్యాలిపర్‌ను బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టి వేలాడదీయాలి. బ్రేక్ హోస్ మీద దాని బరువు అసలు పడకూడదు, రబ్బరు గొట్టం లోపలి పొర తెగితే బయటికి కనిపించదు. పిన్నులు రెండూ బయటికి లాగి గుడ్డతో పాత గ్రీజు పూర్తిగా తుడవాలి. రెండు పిన్నులూ ఒకేలా ఉండకపోవచ్చు, కొన్నిట్లో ఒకదాని చివర రబ్బరు తొడుగు ఉంటుంది, ఏది పైది ఏది కిందిదో ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. తుప్పు గుంటలు పడితే ఎమరీ పేపరుతో రుద్ది సరిపెట్టకుండా కొత్త పిన్ను తెచ్చుకోండి, ఖరీదేం కాదు. రబ్బరు బూటు చిరిగితే అది కూడా మార్చాలి, ఎందుకంటే నీళ్లు లోపలికి పోయేది దాంట్లోంచే.

గ్రీజు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. చక్రాల బేరింగులకు వాడే మామూలు పసుపు గ్రీజు ఈ పిన్నులకు పూయకండి. పెట్రోలియం నూనె ఉన్న ఏ గ్రీజైనా ఇక్కడి రబ్బరును ఉబ్బిస్తుంది, ఉబ్బిన రబ్బరు పిన్నును పట్టేస్తుంది, మనం బాగు చేద్దామని పూసిందే చెడగొడుతుంది. బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు వాడండి. చిన్న ట్యూబు ఎన్నో సర్వీసులకు వస్తుంది, సామాన్లన్నిటిలో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని నా లెక్క. పలచగా పూస్తే చాలు, కూరితే గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తన్నుతుంది. ప్యాడ్ చెవులు కూర్చునే ఇనుప గాడిని వైర్ బ్రష్‌తో తోమి, ప్యాడ్ చేత్తో నెడితే జరిగేంత శుభ్రం చేయాలి. ప్యాడ్ ముఖానికీ డిస్కుకూ గ్రీజు చుక్క కూడా తగలకూడదు.

పిస్టన్‌ను లోపలికి నొక్కడానికి ఆరేడు అంగుళాల సీ క్లాంప్, దానికి అడ్డంగా పాత ప్యాడ్ ముక్క, ఇంతే. పాత ప్యాడ్ ఎందుకంటే పిస్టన్ మీద ఒత్తిడి సమంగా పడాలి, వంకరగా నెడితే లోపల గీతలు పడతాయి. నెమ్మదిగా తిప్పాలి. అలా నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిలు పైన బానెట్ కింద ఉండే ఆయిలు డబ్బాలోకి వెనక్కి వస్తుంది, మ్యాక్స్ గీత దాటి పొంగితే పెయింటు మీద పడుతుంది, పెయింటు ఊడుతుంది. ముందే సిరంజితో కాస్త తోడేయండి. ఒకవేళ ఒలికితే తుడవడం కంటే ముందు నీళ్లు పోయండి.

పిస్టన్‌ను తిప్పుతూ నెట్టే కిట్ ఉంటుంది, ఎన్నో అడాప్టర్లతో. అది వెనక కూడా డిస్కులుండి, హ్యాండ్ బ్రేకు ఆ క్యాలిపర్లోనే ఉన్న కార్లకు తప్పనిసరి. వెనక డ్రమ్ములున్న కారుకు దాంతో పనే లేదు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లయితే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా వెనక పిస్టన్ ముట్టుకోకూడదు, బలవంతంగా నొక్కితే మోటారు పోతుంది. ఆ పని సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి.

ప్యాడ్ లైనింగు 2 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాలి, నేను 3 దగ్గరే మారుస్తాను. ఒక పక్క మాత్రమే మార్చకూడదు, కుడి ఎడమ రెండూ ఒకేసారి. డిస్కు ఎంత సన్నబడేదాకా వాడొచ్చో డిస్కు మీదే చెక్కి ఉంటుంది, వెర్నియర్‌తో కొలుచుకోవాలి. అయితే అరిగిన డిస్కు అంచున గట్టు మిగిలి ఉంటుంది, వెర్నియర్ దాని మీద ఆనితే లెక్క ఎక్కువ చూపిస్తుంది. గట్టుకు లోపల, డిస్కు రెండు ముఖాల మీదా ఒక్కో చిన్న నాణెం పెట్టి కొలిచి, నాణేల మందం తీసేస్తే సరిపోతుంది. ప్యాడ్లు కంపెనీవి గానీ, బాష్, రానే లాంటి తెలిసిన పేరువి గానీ బిల్లుతో కొనండి. బిల్లు ఇవ్వనన్న చోట ప్యాడ్లు కొనొద్దు, డూప్లికేట్లు చూడటానికి అచ్చంగా అలాగే ఉంటాయి.

బ్రేక్ క్లీనర్ స్ప్రే బాగుంటుంది, తప్పనిసరి మాత్రం కాదు. మంట అంటుకునే సరుకు, వేడి డిస్కు మీద కొట్టకూడదు, మన ఎండల్లో డబ్బాను కారులో వదలకూడదు. బ్రేకు దుమ్మును గాలి పైపుతో ఊదడం, నోటితో ఊదడం రెండూ చెడ్డ అలవాట్లే. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడిపి, గుడ్డతో తుడవండి.

బ్రేక్ ఆయిలు దగ్గరికొద్దాం. ఘాట్ దిగేవాళ్లు ఇది నెమ్మదిగా చదవాలి. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు 230, తేమ చేరాక 155. దిగుడులో పెడల్ అదేపనిగా నొక్కి పట్టుకుంటే క్యాలిపర్ కాగిపోతుంది, పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. రెండో గేరులో దిగడం ఎంత ముఖ్యమో రెండేళ్లకోసారి ఆయిలు మార్చడం అంతే ముఖ్యం. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయొచ్చు, డాట్ 4 ఉన్నదాంట్లో 3 పోయకూడదు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, పూర్తిగా వేరే సరుకు, ఏ దాంట్లోనూ కలపకూడదు. మూత తీసిన సీసా మిగిలితే వచ్చే ఏటికి దాచొద్దు, అది కూడా తేమ పీల్చేసి ఉంటుంది. తేమ కొలిచే పెన్ను ఒకటి అమ్ముతారు, లైట్లు వెలుగుతాయి, నేను వాడి చూశాను, కొనక్కర్లేదు. అది కొలిచేది డబ్బాలో పైనున్న ఆయిలును, మరిగేదేమో క్యాలిపర్ దగ్గరున్న ఆయిలు. ఏళ్ల లెక్కన మార్చేయడమే మేలు.

ఆయిలు మార్చేటప్పుడు బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి మా అక్క కొడుకును సీట్లో కూర్చోబెట్టుకుంటాను.

"రేయ్, తొక్కి పట్టుకో."

"పట్టుకున్నా మామా."

చక్రం దగ్గర ఆయిలు, గాలి బయటికి వదిలే చిన్న మర, నిప్పిల్ అంటారు, దాన్ని పావు చుట్టు వదులు చేస్తాను, ఆయిలు పైపులోంచి సీసాలోకి వస్తుంది, మళ్లీ బిగిస్తాను. "ఇప్పుడు వదులు" అన్నాకే వాడు కాలు తీయాలి. నిప్పిల్ తెరిచి ఉండగా కాలు తీస్తే గాలి లోపలికి లాగుతుంది, ముందే చెప్పి పెట్టండి. పాత కార్లలో పెడల్ నేలకు తగిలేదాకా తొక్కించకండి, మాస్టర్ సిలిండర్లో (పెడల్ నెట్టుడును ఆయిలుకు అందించేది) ఎప్పుడూ తిరగని చోటికి సీళ్లు పోయి చెడతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెడితే చాలు. మనిషి తోడు లేనప్పుడు వాల్వు ఉన్న సీసా పనికొస్తుంది, అందులో ఆయిలు బయటికే పోతుంది, వెనక్కి రాదు. 400 రూపాయల సీసా, పని బాగానే చేస్తుంది, అయినా ఇద్దరు చేసేదే నాకు నమ్మకం. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ మాన్యువల్ చూడండి, కారును బట్టి వరస మారుతుంది. మధ్యమధ్యలో పైన డబ్బా చూసుకుంటూ పోస్తూ ఉండాలి. డబ్బా ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్లోకి (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) గాలి పోతే ఇంట్లో తీయడం కుదరదు, కొన్ని కార్లకు స్కానర్ కావాలి.

నిప్పిల్‌కు ఆరు మూలల రింగ్ పానా వాడండి. రెండు నోళ్ల పానా జారితే మూలలు గుండ్రమైపోతాయి, తర్వాత అది రాదు. నా దగ్గరున్నవి తపారియా పానాలు, ఏళ్లుగా వాడుతున్నా నోళ్లు తెరుచుకోలేదు, ఖరీదైన విదేశీ పానాల అవసరం నాకు ఎప్పుడూ కనపడలేదు.

డ్రమ్ముల పని ఎక్కువ ఓపిక అడుగుతుంది. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదడం మొదలుపెడతారు, దాని ముఖం మీద రెండు మరల రంధ్రాలు ఉన్నాయేమో ముందు చూడండి. మారుతి కార్లలో చాలావాటికి ఉంటాయి, 8 మిల్లీమీటర్ల లావు మర ఉన్న బోల్టులు రెండు తెచ్చి కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ము దానంతట అదే బయటికొస్తుంది. ఈ రెండు బోల్టుల ఖర్చు పది పదిహేను రూపాయలు. స్ప్రింగులు తీసే ప్రత్యేక ప్లయరు లేకపోయినా ముక్కు ప్లయరు, గట్టి స్క్రూడ్రైవరుతో పనవుతుంది, కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి, స్ప్రింగు ఎటు ఎగురుతుందో చెప్పలేం. రెండు పక్కలా ఒకేసారి విప్పొద్దు, ఒక పక్క పూర్తయ్యేదాకా రెండోది అలాగే ఉంచితే ఏది ఎక్కడ తగిలించాలో చూసుకోవచ్చు. వీల్ సిలిండర్ (డ్రమ్ముకు ఒరుసుకునే షూలను నెట్టేది) రబ్బరు టోపీ అంచు కొద్దిగా ఎత్తి చూడండి, లోపల ఆయిలు తడి ఉంటే సిలిండర్ మార్చాలి. డ్రమ్ము తీసి ఉండగా ఎవరూ పెడల్ తొక్కకుండా చూసుకోండి, పిస్టన్లు బయటికి తన్నుకొచ్చేస్తాయి. షూలు శుభ్రం చేయడం, అరుగుదల చూడటం ఇంట్లో చేసుకోండి. మొదటిసారే షూలు మార్చడం మాత్రం తెలిసిన మెకానిక్ పక్కన ఉండి నేర్చుకున్నాక చేయడం మంచిది. అడగడంలో తప్పేం లేదు, "అన్నా, ఒకసారి చూపించు" అంటే మన దగ్గర మెకానిక్‌లు సంతోషంగా చూపిస్తారు.

అన్నీ బిగించాక కారు స్టార్ట్ చేసి కదిలించే ముందే పెడల్ గట్టిగా తగిలేదాకా తొక్కాలి. పిస్టన్ వెనక్కి నొక్కి ఉంటాం కాబట్టి మొదటి తొక్కులకు బ్రేకు ఉండదు. ఇది మర్చిపోయి గేటు గుద్దినవాళ్లు ఉన్నారు. తర్వాత పొద్దున్నే బండ్లు లేని రోడ్డు మీద 50-60 వేగం నుంచి పది దాకా, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు ఓ మోస్తరుగా బ్రేకు వేస్తే కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకుంటాయి. వెంటనే ఘాట్‌కు పోవద్దు. వంద కిలోమీటర్లలోపు చక్రం నట్లు టార్క్ రెంచితో ఇంకోసారి చూసుకోండి.

పాత బ్రేక్ ఆయిలు మురుగు కాలువలో గానీ చెట్ల మొదట్లో గానీ పోయకండి. పాత సీసాలోనే పోసి, మూత బిగించి, పైన రాసి, ఇంజన్ ఆయిలు పట్టుకుపోయేవాళ్లకు ఇచ్చే షెడ్డులో అప్పగించండి. ఇంజన్ ఆయిలు డబ్బాలో కలపకుండా విడిగా పెట్టమని వాళ్లకు చెప్పండి.